ప్రత్యర్థి శాస్త్రవేత్తల ప్రేమకథ రాసేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే విషయం మీద పోటీపడే ఇద్దరు పరిశోధకులు ప్రేమలో పడే కథ రాయాలనుకునే తెలుగు రచయితల కోసం ఈ పేజీ. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ జీవశాస్త్ర ల్యాబ్‌లవి, అందులోనూ పండ్ల ఈగల మీద నిద్రను పరిశోధించేవారివి. పండ్ల ఈగంటే అరటిపండు మగ్గితే చుట్టూ ముసిరే ఆ చిన్న ఈగే, డ్రోసోఫిలా. దీని పనివేళలు, ఖర్చులు, తప్పులు అన్నీ లెక్కకు అందుతాయి కాబట్టి కథకు బాగా పనికొస్తుంది.

ఇద్దరి మధ్య పోటీ దేని మీద పెట్టాలి?

ఓడితే పోయేది ఏదో ఒకటి గట్టిగా ఉండాలి. ఇద్దరూ టాపర్లు, ఒకరంటే ఒకరికి పడదు అంటే డిగ్రీ కాలేజీ కథకు చాలు. పరిశోధనలో మార్కులు ఉండవు. రెండు ల్యాబ్‌లు ఒకే ప్రశ్న వెనక పడటం, ఒకే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి ఇద్దరూ ఇంటర్వ్యూకి రావడం, ఒకే పేపర్ (పరిశోధన వ్యాసం) మీద మొదటి పేరు ఎవరిదన్న తగువు, ఇవీ అక్కడి పోటీలు.

అన్నిటికంటే కథకు బలమిచ్చేది మాత్రం ఇద్దరి ఫలితాలూ పొసగకపోవడం. ఒక జన్యువు ఆగిపోతే ఈగల మధ్యాహ్నపు నిద్ర తగ్గిపోతుందని ఆమె చూసింది. అదే ప్రయోగం అతను చేస్తే నిద్ర మామూలుగానే ఉంది. ఎవరో ఒకరు పొరపాటు చేశారని రెండు ల్యాబ్‌లూ నమ్ముతాయి, సెమినార్‌లో మాటలు పదునెక్కుతాయి. ఏడాది తర్వాత తేలేదేమిటంటే ఆమె వాడినవి జతకట్టిన ఆడ ఈగలు, అతను వాడినవి జతకట్టనివి. జతకట్టాక ఆడ ఈగల పగటి నిద్ర మామూలుగానే తగ్గిపోతుంది. ఆ తగ్గుదలను ఆమె జన్యువు ఖాతాలో వేసింది. అలాగని జన్యువుకి ఏ పాత్రా లేదని అతను తేల్చేయడమూ తొందరపాటే, ఎందుకంటే జతకట్టిన ఈగల్లో ఆ జన్యువు పని వేరేగా ఉండొచ్చన్న ఆలోచన అతనికి రాలేదు. ఇద్దరూ కలిసి కూర్చుంటే తప్ప తేలని చిక్కు ఇది. కథను కదిలించేది అదే.

ఇలాంటి తేడాలకు నిజంగా కారణమయ్యేవి ఇంకా ఉన్నాయి. ఈగల వయసు, ఆడా మగా అన్నది, ఆహారంలో చక్కెర పాళ్లు, ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత, ఏ మూల రకం ఈగలతో జతకట్టించి పెంచారన్నది. వీటిలో ఒకటి ఎంచుకుని మొదటి అధ్యాయం నుంచే పాఠకుడి కంట పడేలా పెట్టండి. చివర్లో ఊడిపడితే నమ్మరు.

"ఫార్ములా" దొంగతనం పెట్టొచ్చా?

వద్దు. పెన్‌డ్రైవ్‌లో దొంగిలించదగ్గ ఫార్ములా జీవశాస్త్రంలో దాదాపు ఉండదు. నిజంగా చేయి మారేవి వేరు. సమావేశంలో గోడకు అంటించిన పోస్టర్‌ను ఎవరో ఫోన్‌తో ఫోటో తీసుకోవడం, కాఫీ దగ్గర నోరుజారిన ఒక్క వాక్యం, స్నేహం కొద్దీ ఇచ్చిన ఈగల జాతి, అంటే ఒక జన్యు మార్పుతో ల్యాబ్‌లో పెంచుకునే రకం. ఇంకా ప్రచురించని ఫలితాన్ని ప్రేమలో ఉన్న మనిషి దగ్గర చెప్పేశాక, నెల తిరిగేసరికి ఆ మనిషి ల్యాబ్‌లో అదే ప్రయోగం మొదలైతే? అతను చెప్పాడా, వాళ్లకే తట్టిందా? నిరూపించడానికి వీల్లేని ఈ అనుమానం ముందు ఏ దొంగతనమైనా దిగదుడుపే.

ఈగల ల్యాబ్‌లో రోజు ఎలా గడుస్తుంది?

గది తలుపు తీయగానే ఈస్ట్, ఉడికిన మొక్కజొన్న పిండి వాసన కొడుతుంది. ఈగల ఆహారం అదే. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్, అగర్ (జెల్లీలా గడ్డకట్టించే పొడి) నీళ్లలో ఉడకబెట్టి, కాస్త చల్లారాక బూజు పట్టకుండా ప్రొపియోనిక్ ఆమ్లం కలిపి, వేలెడు మందాన ఉండే సీసాల్లో పోస్తారు. వీటిని వయల్స్ అంటారు. దూదితో మూత. ఒక్కో స్కాలర్ (పీహెచ్‌డీ విద్యార్థి) దగ్గర వందల వయల్స్ ఉంటాయి, అన్నిటి మీదా మార్కర్‌తో రాత. ఆ రాత చెరిగిపోతే మూడు నెలల పని పోయినట్టే.

రోజును నడిపించేది జతకట్టని ఆడ ఈగలను ఏరడం. 25 డిగ్రీల దగ్గర ఆడ ఈగ ప్యూపా (ఈగగా మారే ముందు ఉండే గూటి దశ) నుంచి బయటికొచ్చాక సుమారు 8 గంటల వరకూ జతకట్టదు. అందుకని పొద్దున్నే వయల్‌లో ఉన్న ఈగలన్నిటినీ దులిపేసి, 8 గంటలు దాటకముందే తిరిగొచ్చి కొత్తగా పుట్టినవాటిని ఏరుకోవాలి. రాత్రికి 18 డిగ్రీల్లో పెడితే ఆ గడువు దాదాపు రెట్టింపవుతుంది, స్కాలర్లు నిద్రపోయేది ఆ పుణ్యమానే. ఏరడమంటే కార్బన్ డయాక్సైడ్ వచ్చే ప్యాడ్ మీద ఈగలను పోసి, అవి మత్తులో ఉండగా సూక్ష్మదర్శిని కింద మెత్తని కుంచెతో పక్కకు నెట్టడం. అప్పుడే పుట్టినది పాలిపోయి ఉంటుంది, పొట్టలో నల్లని చుక్క కనిపిస్తుంది. మగదానికి ముందుకాళ్ల మీద చిన్న నల్ల దువ్వెన ఉంటుంది. ఒక్క మగది పొరపాటున లోపలికి పోతే ఆ వయల్ మొత్తం పారబోయాలి.

సంక్రాంతి రోజైనా, దసరా రోజైనా ఈగలు పుడుతూనే ఉంటాయి. ఊరికి వెళ్లేవాళ్లు ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. ఉదాహరణకు, నాయిక తన నాన్నగారికి ఒంట్లో బాగోలేదని రాత్రికి రాత్రి బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి పదిరోజుల వయల్స్ అన్నీ తేదీల వారీగా, తన చేతిరాత కాని చేతిరాతతో అమర్చి ఉన్నాయి. పక్క ల్యాబ్‌లోని ప్రత్యర్థి పొద్దునా సాయంత్రం వచ్చి ఏరాడు. ఆ పని ఎంత విసుగో తెలిసిన మనిషికి పూలగుత్తి కంటే అది ఎక్కువ. ఇలాంటి చోట పేజీలు ఖర్చుపెట్టండి.

రొమాంటిక్ సన్నివేశానికి ల్యాబ్‌లో చోటు ఎక్కడ?

చీకటి గది. జీవగడియారం (ఒంట్లో పగలూ రాత్రీ లయను నడిపేది) మీద పనిచేసేవారు ఈగలను రోజుల తరబడి పూర్తి చీకట్లో ఉంచుతారు. తెల్ల లైటు ఒక్కసారి పడినా గడియారం జరిగిపోయి ప్రయోగం చెడుతుంది. ఎర్రటి వెలుతురు వాటికి సరిగా కనబడదు కాబట్టి లోపలికి వెళ్లేవాళ్లు ఎర్ర టార్చ్‌తో వెళ్తారు, తలుపు ఒకరే తీస్తారు, ఫోన్ వెలగకుండా చూసుకుంటారు. గొడవపడ్డ ఇద్దరు అందులో అరగంట గుసగుసగా మాట్లాడుకోవలసి రావడం సహజంగా కుదురుతుంది. తలుపు పొరపాటున తీసి ప్రత్యర్థి వారం పనిని నాశనం చేయడమూ అంతే సహజం.

రేడియోధార్మిక పదార్థాలున్న చోట, జబ్బు కలిగించే సూక్ష్మజీవుల గదిలో మాత్రం ముద్దు సన్నివేశాలు పెట్టకండి. చేతి తొడుగులతో చెంప తాకడమూ వద్దు. చదివే సైన్స్ వాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

ప్రయోగాలకు ఎంతకాలం పడుతుందని రాయాలి?

గుడ్డు నుంచి ఈగ కావడానికి 25 డిగ్రీల్లో సుమారు 10 రోజులు, 18 డిగ్రీల్లో దాదాపు రెట్టింపు. మూడు తరాలు కలిపి కావలసిన జాతిని తయారు చేయడానికి మధ్యలో ఏరడం, జతచేయడం కలుపుకుని ఆరు వారాలు రాసుకోండి. నిద్ర కొలవడానికి ఒక్కో ఈగను 5 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవున్న గాజు గొట్టంలో పెడతారు. ఒక చివర చక్కెర అగర్, రెండో చివర దూది. 32 గొట్టాలు ఒక యంత్రంలో పడతాయి. మధ్యలో కంటికి కనబడని పరారుణ కిరణం ఉంటుంది, ఈగ దాన్ని దాటినప్పుడల్లా కంప్యూటర్ లెక్క వేస్తుంది. 5 నిమిషాలు కదలకపోతే నిద్ర కింద లెక్క. మొదటి రోజు అలవాటు పడటానికి వదిలేసి, ఆ తర్వాత మూడు నుంచి ఐదు రోజులు కొలుస్తారు.

అంటే "ఒక్క రాత్రిలో కనిపెట్టేసింది" అనడానికి వీల్లేదు. ఒక్క రాత్రిలో జరగగలిగేవి రెండున్నాయి. ముందే ఉన్న డేటాను కొత్తగా చూడటం, ఉన్నదంతా పోగొట్టుకోవడం. మే నెలలో కరెంటు పోయి జనరేటర్ ఆలస్యమై ఇంక్యుబేటర్ వేడెక్కితే ఈగలు చస్తాయి, బతికినవి గొడ్డుపోతాయి. ఒక వయల్‌లోకి చీడపురుగులు వస్తే అల్మారా అంతా పాకుతాయి.

"నువ్వు ముందా, నేను ముందా" అన్న గొడవ నిజంగా ఎలా తేలుతుంది?

ఇప్పుడు ఎక్కువగా ప్రీప్రింట్‌తో. పేపర్‌ను పత్రికకు పంపుతూనే, లేదా అంతకంటే ముందే, అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టేస్తారు. భౌతికశాస్త్రంవారికి ఆర్‌కైవ్ 1991 నుంచీ ఉంది, జీవశాస్త్రంవారికి బయోఆర్‌కైవ్ 2013లో వచ్చింది. దాని మీద పడే తేదీయే సాక్ష్యం. పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే ప్రత్యర్థి ప్రీప్రింట్ కనబడటం, శీర్షిక చదవగానే కడుపులో దేవినట్టవడం, ఈ వృత్తిలో ఉన్నవారెవరైనా గుర్తుపట్టే దృశ్యం. దీన్ని స్కూప్ అయిపోవడం అంటారు.

అయితే అంతటితో బతుకు అయిపోయినట్టు రాయకండి. ప్లాస్ బయాలజీ పత్రిక 2018 నుంచి, వేరేవాళ్లు ముందు ప్రచురించినా ఆరు నెలలలోపు వచ్చిన పేపర్‌ను ఆ కారణంతో తిప్పి పంపడం లేదు. రెండు ల్యాబ్‌లు మాట్లాడుకుని ఒకే పత్రికకు ఒకేసారి పంపి, పక్కపక్కనే అచ్చయ్యేలా చూసుకోవడం కూడా ఎప్పటినుంచో ఉన్నదే. మీ జంటకు అది మంచి మలుపు. కాకపోతే ఆ మాట ముందుగా ఇద్దరు గైడ్‌లు (పరిశోధనను నడిపించే ప్రొఫెసర్లు) మాట్లాడుకోవాలి, స్కాలర్లు నిర్ణయించేది కాదు. పదేళ్లుగా పలకరింపులు లేని ఆ ఇద్దరు పెద్దలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం రెండు అధ్యాయాల పని.

ఆమె పేపర్ అతని దగ్గరికే రివ్యూకి వస్తే?

అచ్చువేసే ముందు పేపర్‌ను అదే రంగంలోని వేరే శాస్త్రవేత్తలు చదివి అభిప్రాయం చెప్పడమే రివ్యూ. రివ్యూవర్ పేరు పేపర్ రాసినవారికి తెలియదు, కాబట్టి కథలు రాసేవారికి ఈ మలుపు ముద్దొస్తుంది. అసలు పద్ధతి చూడండి. పేపర్లు సాధారణంగా గైడ్‌లకు, పోస్ట్‌డాక్‌లకు (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో కొన్నేళ్లు పరిశోధన చేసేవారికి) వస్తాయి. పీహెచ్‌డీ విద్యార్థి చేతికి గైడ్ ద్వారా చేరుతుంది. బంధుత్వం, ప్రేమ, నేరుగా పోటీ, వీటిలో ఏది ఉన్నా ఎడిటర్‌కు చెప్పి తప్పుకోవాలి. పేపర్ పంపేటప్పుడు "ఫలానావారికి పంపొద్దు" అని రాయడానికి కూడా చాలా పత్రికల్లో చోటు ఉంటుంది. ఆ చోట ఆమె అతని పేరు రాసిందని అతనికి తెలిస్తే దెబ్బ తగులుతుంది.

అతను తప్పుకోకుండా చదివేస్తే, అది మెచ్చుకుంటూ రాసిన రివ్యూ అయినా సరే, తప్పే. దాన్ని తీయని రహస్యంగా నడిపించకండి. కథలో దానికి మూల్యం ఉండాలి.

అమెరికాలో కథ నడిపితే ఒక అంకె గుర్తుంచుకోండి. పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దగ్గర, గత 48 నెలల్లో కలిసి పేపర్ రాసినవారు ఒకరి దరఖాస్తును ఇంకొకరు సమీక్షించకూడదు. గైడ్, శిష్యుల విషయంలో ఆ అడ్డు జీవితాంతం.

ఇద్దరూ ఒకే ల్యాబ్‌లో ఉంటే?

గొడవ మొదటి పేరు దగ్గర వస్తుంది. జీవశాస్త్రంలో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు గైడ్‌ది. ఇద్దరికీ సమాన భాగమని చుక్క గుర్తు పెట్టినా, చూసేవాళ్లు ముందున్న పేరే గుర్తుంచుకుంటారు. ఎవరు ఏం చేశారో 14 రకాల పాత్రల్లో రాసే క్రెడిట్ పద్ధతిని చాలా పత్రికలు అడుగుతున్నాయి. ఆ పట్టీ నింపే సన్నివేశం ఒకటి రాయండి. "ఆలోచన" అన్న గడిలో ఎవరి పేరు పెట్టాలో ఇద్దరికీ తెలుసు, ఎవరూ ముందు నోరు తెరవరు.

గైడ్‌కీ విద్యార్థినికీ మధ్య ప్రేమ రాయొచ్చా?

ప్రత్యర్థుల కథ కింద రాయొద్దు. ఒకరి సంతకం మీద ఇంకొకరి డిగ్రీ, ఫెలోషిప్, సిఫారసు లేఖ ఆధారపడినప్పుడు అది పోటీ కాదు, ఆమె "కాదు" అనగలదో లేదో పాఠకుడికి తెలియదు. ఇద్దరూ స్కాలర్లో, ఇద్దరూ పోస్ట్‌డాక్‌లో, ఇద్దరూ కొత్తగా చేరిన అధ్యాపకులో అయితేనే పోరు సమానంగా ఉంటుంది.

హీరో వెంటపడటం?

సినిమాలో నడిచినది సంస్థలో నడవదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయాలకు యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2015 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలలలోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, కారణం ఉంటే ఆ గడువు ఇంకో మూడు నెలలు పెంచుతారు. ఆమె ఒకసారి వద్దన్నాక అతను రోజూ ఆమె బెంచి దగ్గర నిలబడితే అది ప్రేమ కాదు, ఆమె పని మానేసి ఇంకో గదికి పారిపోవలసిన పరిస్థితి. అతను దూరం జరగడం, ఆ దూరంలోనూ ఆమె పేపర్ల మీద నిజాయితీగా వాదించడం రాయండి.

డబ్బు, వయసు వివరాలు?

నెట్ అనే జాతీయ పరీక్ష పాసై జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో)గా 42,000 రూపాయలు, హాస్టల్ దొరకకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. అయిదేళ్లు దాటితే ఆగిపోతుంది, పీహెచ్‌డీ మాత్రం తరచూ ఆగదు. నెలల తరబడి డబ్బు పడకుండా ఒక్కసారిగా బకాయిలన్నీ పడటం మామూలే. కాబట్టి హీరోకి కారు, గచ్చిబౌలిలో సొంత ఫ్లాట్ ఇవ్వాలంటే అవి ఎక్కడివో చెప్పాలి. ఎమ్మెస్సీ తర్వాత చేరితే 23 లేదా 24, బయటపడేసరికి 29, 30. "ఇంకా చదువుతూనే ఉందా?" అని పెళ్లిళ్లలో అడిగే పిన్నిలు, సాఫ్ట్‌వేర్ సంబంధాలు తెచ్చే మేనమామలు ఆ వయసులోనే వస్తారు.

ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారు?

బ్యాచ్‌మేట్లు "నువ్వు". వేరే ల్యాబ్‌వాళ్లు, అందులోనూ సెమినార్‌లో తిట్టుకునేవాళ్లు "మీరు". సీనియర్లను తెలుగు పిల్లలు అన్నా, అక్కా అంటారు, గైడ్‌ను సర్, మేడమ్ అనే. ల్యాబ్‌లో బెంగాలీ, మలయాళీ, హిందీవాళ్లు ఉంటారు కాబట్టి పదిమందిలో సంభాషణ తెలుగులో సాగదు. ఇద్దరే మిగిలాక తెలుగులోకి దిగుతారు.

నిజజీవితంలో ఇలాంటివి ఉన్నాయా?

పోటీకి ఉదాహరణలు బోలెడు. ఈగల్లో జీవగడియారానికి ఆధారమైన పీరియడ్ జన్యువు మార్పులను 1971లో కొనోప్కా, బెంజర్ గుర్తించారు. ఆ జన్యువును వేరుచేయడానికి అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో హాల్, రాస్‌బాష్ ఒకపక్క, రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో యంగ్ ఇంకోపక్క పోటీపడి, రెండు బృందాలూ 1984లోనే సాధించాయి. 2017 నోబెల్ ముగ్గురికీ కలిపి వచ్చింది.

ప్రత్యర్థులు సహచరులు కావడానికి మరియా గోపర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్‌లను చూడండి. పరమాణు కేంద్రకంలో పొరలుంటాయన్న నమూనాను 1949లో ఆమె అమెరికాలో, అతని బృందం జర్మనీలో విడివిడిగా కనిపెట్టారు. ఒకరినొకరు తోసేసుకోకుండా కలిసి పుస్తకం రాసి 1955లో తెచ్చారు, 1963 నోబెల్‌లో సగాన్ని పంచుకున్నారు. వారిది ప్రేమకథ కాదు, అయినా ప్రత్యర్థి మీద గౌరవం ఎలా పెరుగుతుందో రాయడానికి అది చక్కని నమూనా.

మరియా జీవితంలో ఇంకో పక్క ఉంది. ఆమె భర్త కూడా శాస్త్రవేత్తే. బంధువులకు ఉద్యోగమివ్వరాదన్న నియమాల వల్ల ఆమె ఏళ్ల తరబడి జీతం లేకుండానో, నామమాత్రంగానో పనిచేసింది. పూర్తిస్థాయి ప్రొఫెసర్ జీతం 1960లో శాన్ డియాగోలో దక్కింది. జీవరసాయన శాస్త్రవేత్త గెర్టీ కోరీ తన భర్త కార్ల్‌తో సమానంగా పనిచేసినా, ప్రొఫెసర్ అయింది 1947లో, ఇద్దరికీ నోబెల్ వచ్చిన సంవత్సరం. మీ కథలో ఇద్దరూ కలిశాక ఎవరి పేరు మసకబారుతుందన్న భయం ఆమెకే ఎందుకు వస్తుందో ఈ చరిత్ర చెబుతుంది. ఆ భయాన్ని అతను "నువ్వు అనవసరంగా ఆలోచిస్తున్నావ్" అని కొట్టిపారేస్తే అతను హీరో కాడు.

పెళ్లయ్యాక ఇద్దరికీ ఒకే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని రాసేయొచ్చా?

తేలిగ్గా రాయొద్దు, అసలు చిక్కు అదే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొన్ని, ఒకరికి ఆఫర్ ఇచ్చాక రెండోవారికీ పోస్టు వెతుకుతాయి. మనదగ్గర ప్రభుత్వ సంస్థల్లో ఎవరి ప్రకటన, ఎవరి ఇంటర్వ్యూ వారివే, ఎంపిక కమిటీలో బంధువు కూర్చోకూడదు. ఒకరు తిరుపతిలో, ఒకరు పుణేలో అయిదేళ్లు గడపడం మామూలు. కేంద్ర ప్రభుత్వం యువ పరిశోధకులకిచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ లాంటి ఫెలోషిప్ ఉంటే, ఒప్పుకున్న సంస్థకు దాన్ని తీసుకెళ్లి ఒకే ఊళ్లో చేరే వీలుంటుంది.

విదేశంలో పోస్ట్‌డాక్ అయితే వీసా చూసుకోండి. అమెరికాలో జే-1 (పోస్ట్‌డాక్‌ల వంటి సందర్శక పరిశోధకుల వీసా) ఉన్నవారి జీవితభాగస్వామి జే-2 మీద అనుమతి తీసుకుని పనిచేయొచ్చు, విద్యార్థి వీసా ఉన్నవారి జీవితభాగస్వామి ఎఫ్-2 మీద పనిచేయకూడదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి జీవితభాగస్వామి హెచ్-4 మీద పనిచేయాలంటే అవతలివారి గ్రీన్‌కార్డు ప్రక్రియ ముందుకెళ్లి ఉండాలి. "రెండేళ్లు ఇండియాలో ఉండి తీరాలి" అన్న జే-1 షరతు మీద మలుపు కట్టేవారు జాగ్రత్త. ఏ దేశాలవారికి ఏ రంగాల్లో ఆ షరతు వర్తిస్తుందో చెప్పే నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబర్‌లో భారత్‌ను తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మాత్రం ఆ షరతు ఇంకా వర్తిస్తుంది.

కోపం ప్రేమగా మారేది నమ్మేలా ఎలా రాయాలి?

వాన, లిఫ్ట్ ఆగిపోవడం, ఒకే గది మిగిలిన హోటల్ ఇవేవీ అక్కర్లేదు. ఒకరి పని ఇంకొకరు శ్రద్ధగా చదవడం చాలు. ఆమెను ఓడించాలని ఆమె పాత పేపర్లన్నీ అతను తప్పుల కోసం వెతుకుతాడు. మూడో పేపర్ చివర జతచేసిన అదనపు పేజీల్లో, ఎవరూ చూడని పట్టికలో, తన వాదనకు వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని ఆమె దాచకుండా పెట్టి ఉంటుంది. అక్కడినుంచి అతను ఆమెతో వాదిస్తాడు గానీ ఆమెను అనుమానించలేడు. అటువైపు ఆమెకూ అలాంటిదే ఒకటి దొరకాలి. సెమినార్‌లో అందరూ మెచ్చుకుంటూ ఉంటే, అతను లేచి ఆమె గ్రాఫ్‌లో నియంత్రణ ప్రయోగం (పోల్చి చూడటానికి మార్పు లేని ఈగలతో చేసేది) లేదేమని అడుగుతాడు. రాత్రంతా కుతకుతలాడి, తెల్లారి ఆ ప్రయోగం చేస్తుంది. అతను అడిగింది నిజమే.

తేలిపోయేది దేనితో? ఎవరో ఒకరు తగ్గాలా?

డేటాతో. "నీకోసం ఈ పోటీ నుంచి తప్పుకుంటున్నా" అని ఒకరు వదిలేస్తే, అప్పటిదాకా ఆ మనిషిలో అవతలివారు ప్రేమించినదే పోయినట్టు. ఇద్దరూ కలిసి ప్రయోగాన్ని ముందే రాసుకుని, వయల్స్ మీద పేర్ల బదులు అంకెలు వేసి, ఏది ఎవరిదో మూడోవారికి మాత్రమే తెలిసేలా చేసి లెక్కపెట్టాలి. ఇలా గుడ్డిగా చేసే పద్ధతి నిజంగానే ఉంది. ఫలితం విప్పే రోజు ఇద్దరిలో ఒకరు ఓడిపోవచ్చు, ఓడనివ్వండి.

సైన్స్ ఎంత పెట్టాలి?

ఒక సన్నివేశానికి ఒక్క కొత్త విషయం. అది కూడా చేతితో చేసే పనిగా రావాలి, పాఠంగా కాదు.

రాశాక ఎవరికి చూపించాలి?

ఆ రంగంలో నాలుగో ఏడు దాటిన స్కాలర్‌కు ల్యాబ్ సన్నివేశాలు మాత్రమే ఇవ్వండి, మొత్తం కథ ఇస్తే చదవడానికి వాళ్లకు తీరిక దొరకదు. ఉష్ణోగ్రతలు, గంటలు, ఎవరు ఎవరి సంతకం అడగాలన్నవి కింద గీత గీసి పంపండి, దిద్దడం తేలికవుతుంది. కథలోని సంస్థకు కల్పిత పేరు పెట్టి హబ్సిగూడలోనో తార్నాకలోనో ఉంచండి. అసలు సంస్థ పేరు పెడితే అక్కడ పనిచేసేవారు మీ గైడ్ పాత్రలో తమ గైడ్‌ను వెతుక్కుంటారు.